బయటి బెల్టు ఎలక్ట్రాన్లకు అంత శక్తి ఎక్కడిది: దూరం నుంచి తెచ్చుకున్నదా, అక్కడే పుట్టిందా?

బలరేఖ:
భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ బెల్టుల్లో (అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల వలయాలు) బయటిదాని గురించి సందేహం. అక్కడి ఎలక్ట్రాన్లు కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, దాదాపు కాంతి వేగంతో తిరుగుతాయి. సౌరగాలిలో వచ్చే ఎలక్ట్రాన్లకు అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. దూరం నుంచి భూమివైపు జరుగుతూ పుంజుకుంటాయని నా పాత పాఠ్యపుస్తకం చెప్తోంది. కొత్త వ్యాసాలేమో తరంగాలు అక్కడికక్కడే తోస్తాయంటున్నాయి. ఏది నమ్మాలి?

పాతకాపు:
పుస్తకం తప్పు చెప్పలేదండి. ఎలక్ట్రాన్‌కు మూడు కదలికలు. అయస్కాంత బలరేఖ చుట్టూ సెకనుకు వేలసార్లు గిరగిరా తిరగడం, సెకను లోపే ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లి బంతిలా వెనక్కి రావడం, పావుగంటకో చుట్టు చొప్పున భూమి చుట్టూ తూర్పుకు జరగడం. అయస్కాంత క్షేత్రం నిమిషాల లయలో ఊగితే మూడోదే చెదురుతుంది, మొదటి రెండూ చెక్కుచెదరవు. భూవ్యాసార్ధాల్లో చెప్పాలంటే, 7 దూరం నుంచి 4కి జారిన ఎలక్ట్రాన్ చుట్టూ క్షేత్రం 5 రెట్లకు పైగా బలపడుతుంది. దాంతో ద్రవ్యవేగం రెండింతలు దాటుతుంది. దీన్నే రేడియల్ డిఫ్యూజన్ అంటారు.

కోరస్‌వాది:
పాతకాపు గారూ, 2012 అక్టోబరు అయస్కాంత తుఫానును (సౌరగాలి తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమవడం) మర్చిపోయారా? శక్తిలో తేడాల గొడవ లేకుండా, ఒకే రకం ఎలక్ట్రాన్లు ఏ దూరంలో ఎంత దట్టంగా ఉన్నాయో గీత గీస్తారు. దాని పేరు ఫేజ్ స్పేస్ డెన్సిటీ. సరుకు బయటి నుంచే వస్తుంటే ఆ గీత బయటికి పోయేకొద్దీ ఎత్తుగా ఉండాలి. ఆ తుఫానులో వాన్ అలెన్ ప్రోబ్స్ అనే ఉపగ్రహాలు చూసింది మాత్రం నడిమధ్యలో, 4 దాటగానే, ఒక గుట్ట. పల్లానికి పారే నీళ్లు దారిలో గుట్ట కట్టవు కదా.

అక్కడ పనిచేసేవి కోరస్ తరంగాలు, అంటే అక్కడి ప్లాస్మాలో (విద్యుదావేశ కణాల వాయువులో) పుట్టే విద్యుదయస్కాంత తరంగాలు. స్పీకర్‌లో వింటే అచ్చం తెల్లవారుజాము పిట్టల కిచకిచే. ఎలక్ట్రాన్ తిరిగే లయకు వీటి లయ కుదిరితే, సమయం చూసి ఉయ్యాల ఊపినట్టే. మీరు చెక్కుచెదరదన్న మొదటి కదలికే చెదురుతుంది.

పాతకాపు:
గుట్ట చూసి తీర్పు చెప్పేస్తే ఎలా? ముందు బయటి నుంచి బోలెడు ఎలక్ట్రాన్లు వచ్చాయనుకోండి. తర్వాత సౌరగాలి ఒత్తిడికి అయస్కాంతావరణం (భూమి అయస్కాంత క్షేత్రం ఏలే ప్రాంతం) అంచు లోపలికి నొక్కుకుపోయి బయటి వరుసలోవి అంతరిక్షంలోకి జారిపోయాయి. అప్పుడు మిగిలేదీ గుట్టే. దశాబ్దాలపాటు వాదం తెగకపోవడానికి కారణం ఇదే. ఒక్క ఉపగ్రహం మళ్లీ అదే చోటికి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి.

కోరస్‌వాది:
ఒప్పుకుంటాను, గుట్ట ఉండటం ఒక్కటే రుజువు కాదు. అందుకే రెండు ఉపగ్రహాలు పంపారు. ఒకటి దాటిన చోటును కాసేపటికి రెండోది దాటుతుంది. ఆ అక్టోబరులో గుట్ట ఉన్నచోటే గంటగంటకూ పెరిగింది. పక్కలు కరిగి మిగిలిన గుట్ట అలా పెరగదు.

సగంచదువు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. కోరస్‌కు అంత బలముంటే ప్రతి తుఫానుకీ బెల్టు పొంగాలిగా?

కోరస్‌వాది:
మంచి ప్రశ్న. పొంగదు. 1989 నుంచి 2000 వరకు వచ్చిన 276 తుఫానులను లెక్కవేస్తే సుమారు సగం సార్లే ఎలక్ట్రాన్లు పెరిగాయి. దాదాపు ఐదింట ఒక వంతు తుఫానుల్లో తగ్గాయి కూడా. ఊపే చెయ్యే కొన్నిటిని దారి మళ్లించి వాతావరణంలో పడేస్తుంది. చివరికి ఎటు తూగుతుందో ఏ తుఫానుకు ఆ తుఫానే.

పాతకాపు:
పైగా 1991 మార్చి 24 ఉండనే ఉంది. సూర్యుడి నుంచి వచ్చిన ఒక ఆఘాత తరంగం 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఎలక్ట్రాన్లతో కొత్త బెల్టునే పుట్టించింది, అదీ నిమిషాల్లో. దానికి కోరస్ అక్కర్లేదు, నా మెల్లటి డిఫ్యూజనూ అక్కర్లేదు.

బలరేఖ:
అంటే 2012ది కోరస్‌కు వదిలేశారన్నమాట?

పాతకాపు:
ఒకటి రెండు మెగా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు వదిలేశాను. 7 దాటినవాటిని కోరస్ ఒక్కటే లేపిందంటే మాత్రం నాకింకా మింగుడుపడదు. అక్కడ తరంగం పెంచినదాన్ని డిఫ్యూజన్ లోపలికి లాగి ఇంకా పెంచిందంటాను.

కోరస్‌వాది:
ప్లాస్మా బాగా పలచబడితే కోరస్ ఒక్కటే అక్కడిదాకా లేపుతుందంటాను నేను. ప్లాస్మా సాంద్రత కొలతలు ముందు పెట్టుకుని మళ్లీ కూర్చుందాం.