20 వేల లోపు స్కోప్: 50 మీటర్లకు ఏది తీసుకోవాలి?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్కారం. నా దగ్గర .177 (4.5 మిల్లీమీటర్ల) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. ఆదివారాల్లో అమరావతి దగ్గర మా తాతగారి తోటలో ఇసుక బస్తాలు పేర్చుకొని కాగితం టార్గెట్ల మీద కాలుస్తుంటాను. 25 మీటర్ల దాకా తుపాకీతో వచ్చిన సైటే సరిపోయింది. 50కి వెళ్తే కన్ను ఆనడం లేదు. స్కోప్‌కి 15 నుంచి 20 వేలు పెట్టగలను. 6-24 ఎక్స్ (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపేది) కొనేస్తే ఒక్క దెబ్బతో తీరిపోతుందా? మా బావ సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడే కొనిపించమంటారా?

బ్రాడీపేట_4వ_లైన్
24 జోలికి పోకు తమ్ముడూ. ముందు నీది స్ప్రింగ్ గన్ అన్న సంగతి చూడు. స్ప్రింగ్ వదలగానే తుపాకీ మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి కొట్టుకోగానే ముందుకి తంతుంది. మామూలు స్కోప్ లోపలి అద్దాలు ఒకవైపు దెబ్బకే బిగించి ఉంటాయి. ఈ రెండో దెబ్బకు వదులైపోతాయి. ఆన్‌లైన్‌లో 3 వేలకు కొన్న నా మొదటి స్కోప్ 200 షాట్లు తిరక్కుండానే క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం, నిలువు గీతలు) గడియారం ముల్లులా పక్కకు తిరిగింది. అమ్మినవాడు ఫోనెత్తితే ఒట్టు. అందుకని పెట్టె మీద ఎయిర్‌గన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో అదే మొదట చూడు. హాక్ ఎయిర్‌మాక్స్ లాంటివి దీనికోసమే చేసినవి.

రెండోది పారలాక్స్, అంటే తల కదిపితే గురి జారినట్టు కనపడటం. పెద్ద తుపాకుల స్కోపులు చాలావరకు 100 గజాలకు స్థిరంగా పెట్టి వస్తాయి. 20 మీటర్లకు వాడితే టార్గెట్ మసక. పైగా తల కాస్త కదిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారుతుంది. ముందు రింగు గానీ పక్క చక్రం గానీ తిప్పి 10 గజాల దాకా సరిచేసుకునేది కావాలి. కొనే ముందు రైఫిల్ని దిండు మీద ఆనించి, చెయ్యి తగలకుండా తల మాత్రం అటూఇటూ ఆడించు. జారుడు కనిపిస్తే చక్రం తిప్పు. తిప్పినా ఆగకపోతే తిరిగిచ్చెయ్.

ఎన్‌సీసీ_మాస్టారు
మా రోజుల్లో .22 రైఫిల్‌తో, స్కోప్ లేకుండానే నేర్చుకున్నాం. ఇప్పటికీ ఒలింపిక్స్ 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ ఒప్పుకోరు. 2008లో బింద్రా బంగారం కొట్టినా, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చినా చిన్న రంధ్రం లోంచి చూసే సైట్‌తోనే. పోటీలకు వెళ్లే ఆలోచన ఉంటే ఆ 20 వేలు కోచింగ్‌కి పెట్టు నాయనా. తోటలో సరదాకైతే స్కోప్ తప్పు కాదు.

ఇంకో మాట. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జూల్స్ లోపు శక్తి ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు. బలమైన స్ప్రింగ్ వేయించి ఈ గీత దాటకు.

కొండవీటి_గాలి
అన్నా, 50 మీటర్లలో కొంగలు కొట్టాలంటే ఎంత ఎక్స్ కావాలి?

ఎన్‌సీసీ_మాస్టారు
సున్నా. కొంగని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కొంగలు చూడాలనుంటే గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది, బైనాక్యులర్ పట్టుకెళ్లు. ఇక్కడ ఆ ప్రశ్న మళ్లీ వద్దు.

తెనాలి_టు_టెక్సాస్
బావ సంగతి ముందు తేలుద్దాం, ఎందుకంటే ఆ బావల్లో నేనూ ఒకణ్ణి. ప్రతి పండక్కీ అడుగుతారు. అమెరికాలో రైఫిల్ స్కోపులు ఎగుమతి నియంత్రణ నిబంధనల కిందికి వస్తాయి. ఫోను తెచ్చినట్టు సూట్‌కేసులో పడేసుకొని రావడానికి కుదరదు. పాపం ఆయన్ని ఇరికించకండి.

నేనిక్కడ 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా వాడే పెద్ద రైఫిల్‌తో 600 గజాలు కాలుస్తాను. 500 నుంచి 1000 డాలర్ల స్కోప్ ఇక్కడ మధ్య ధర కింద లెక్క. వోర్టెక్స్, ఆర్కెన్, ప్రైమరీ ఆర్మ్స్ కంపెనీల పేర్లు ఎక్కువగా వినపడతాయి. నేనూ మొదట 24ఎక్స్ అనే ఎగబడ్డాను. వేసవిలో నేల వేడెక్కితే 15ఎక్స్ దాటాక టార్గెట్ నీళ్లలో ఈదుతున్నట్టు ఉంటుంది. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు నేను చెప్పేదేముంది. ఇప్పుడు 12 దగ్గరే ఉంచుతాను. వెలుతురు లెక్క కూడా ఉంది: ముందు అద్దం వ్యాసాన్ని ఎక్స్‌తో భాగిస్తే కంటికి అందే వెలుగు చుట్టు వస్తుంది. 50ని 24తో భాగిస్తే 2 మిల్లీమీటర్ల చిల్లర, 44ని 12తో భాగిస్తే మూడున్నర పైన. సాయంత్రం ఆరింటికి ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

నా డబ్బంతా నేను క్లిక్కుల మీద, అంటే గురిని కొద్దికొద్దిగా జరిపే చక్రాల మీద పెట్టాను. 600 గజాలకు దాదాపు 4 మిల్ పైకి తిప్పి, మళ్లీ వెనక్కి తెస్తే సున్నా (ముందు కుదిర్చిన గురి) సున్నాగానే ఉండాలి. 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు. గీతలు ఏ జూమ్‌లోనైనా నిజం చెప్పాలంటే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ (జూమ్‌తో పాటు గీతలూ పెరిగే రకం) కావాలి. సెకండ్ అయితే ఒక్క జూమ్‌లోనే, ఎక్కువగా చివరి దాంట్లోనే, లెక్క సరిపోతుంది. మీ 50 మీటర్లకు సెకండ్ చాలు, మిగిలిన డబ్బు మంచి మౌంట్‌కి (స్కోప్‌ని తుపాకీకి బిగించేది) పెట్టండి.

కృష్ణలంక_కుర్రాడు
బావకి వద్దని చెప్పేశాను. ఊపిరి పీల్చుకున్నాడు :) మౌంట్ అంటే అంత ఉందా? ఏ క్లాంప్ అయినా ఒకటే అనుకున్నా.

బ్రాడీపేట_4వ_లైన్
స్ప్రింగ్ గన్ మీద మౌంట్ మొత్తం వెనక్కి పాకుతుంది. నీ తుపాకీ మీద మౌంట్ బిగించే రైలు 11 మిల్లీమీటర్లదే అయి ఉంటుంది. వెనక చిన్న ఆపుడు పిన్ను ఉన్న మౌంట్ తీసుకో. బిగించేటప్పుడు గుమ్మానికి దారం కట్టి బరువు వేలాడదీసి, నిలువు గీత ఆ దారానికి కలిసేలా చూడు. గీత వాలి ఉంటే 25లో బాగానే ఉంటుంది, 50లో పైకి తిప్పినప్పుడు పక్కకు పోతుంది. నాకు ఇది తెలిసేసరికి రెండు డబ్బాల పెల్లెట్లు అయిపోయాయి.

తర్వాత బాక్స్ టెస్ట్, అంటే క్లిక్కులు సరిగ్గా కదులుతున్నాయో చూడటం. 25 మీటర్ల దగ్గర ఒకే చుక్కకు గురిపెట్టి కాలుస్తూ 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందికి, 40 ఎడమకి. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు కోణం) క్లిక్కైతే ఒక్కో వైపు దాదాపు 7 సెంటీమీటర్లు రావాలి, చివరిది మొదటి రంధ్రం దగ్గరికే చేరాలి.

కృష్ణలంక_కుర్రాడు (మూడు వారాల తర్వాత)
3-12x44, పక్క చక్రం ఉన్నది తీసుకున్నాను. స్కోప్, మౌంట్ కలిపి 18 వేలు దాటింది. బాక్స్ టెస్ట్‌లో మూడు వైపులు సరిగ్గా వచ్చాయి. ఎడమకి తిప్పినప్పుడు మాత్రం మొదటి రెండు షాట్లకు గురి కదల్లేదు, మూడో షాట్‌కి కుదురుకుంది. 25కి సున్నా చేసి అదే గురితో 50కి కాలిస్తే అరజానెడు కిందికి దిగింది. గీతలు చూసి ఎత్తి పట్టుకున్నాను. ఐదింట్లో నాలుగు నిమ్మకాయంత చోట పడ్డాయి. ఐదోది ట్రిగ్గర్ గుంజాను, అది నా తప్పే.

తెనాలి_టు_టెక్సాస్
ఆ ఎడమ క్లిక్కుల సంగతి 100 షాట్ల తర్వాత మళ్లీ చూసి ఇక్కడ రాయండి. అప్పటికీ అలాగే ఉంటే వారంటీలో ఉండగానే మార్పించుకోండి.