ఇంటి నుంచి పని చేస్తే డేకేర్ ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. ఇకపై వారంలో 3 రోజులు ఇంటి నుంచే పని చేయవచ్చని ఆఫీసులో చెప్పారు. ఆ 3 రోజులూ డేకేర్ మానిపిస్తే ఖర్చు సగానికి పైగా తగ్గుతుందని మావారు లెక్క వేశారు. నిన్న ప్రయత్నించాను. మీటింగులో నా వంతు వచ్చేసరికి పాప నా కాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. ఎత్తుకుని సముదాయించి వచ్చేలోపు నా అంశం ముగిసిపోయింది. చాలా బాధగా ఉంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

జవాబు 1: దయచేసి మానిపించకండి. ఆ వయసు బిడ్డను కనిపెట్టుకోవడమే పూర్తి రోజు పని. నాకు నిజంగా మిగిలింది ప్రయాణ సమయమే, రోజుకు 2 గంటలు. దానివల్ల బాబును సాయంత్రం ముందుగా తెచ్చుకుంటున్నాను, ఆలస్య రుసుము తప్పింది. ఒక మాట ముందే అడగండి: రుసుము రోజుల లెక్కనా, నెల మొత్తానికా? మా కేంద్రంలో రోజులు తగ్గించినా పైసా తగ్గించలేదు.

జవాబు 2: నేనూ నా భార్యా పని వేళలు మార్చుకున్నాం. నేను ఉదయం 6కే మొదలుపెడతాను, ఆమె 11కు. ఇద్దరమూ పనిలో ఉండే 3 గంటలపాటే బిడ్డను చూసే మనిషి కావాలి. అయితే ఈ వేళలను రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మేనేజరు మారగానే పోతుంది, మాకు అలాగే జరిగింది.

జవాబు 3: ఇలా వేళల్లో వెసులుబాటు కోరడం అడుక్కోవడం కాదండీ. కుటుంబ బాధ్యతలున్న కార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 156వ ఒప్పందాన్ని 1981లోనే ఆమోదించింది. అది స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది. లెక్క వేసిన మీవారు కూడా తన ఆఫీసులో అడగాలి.

ప్రశ్న అడిగినవారు: రేపే రుసుము సంగతి కనుక్కుంటాను. మావారికి ఇవన్నీ చదివి వినిపించాను, ఆయన కూడా అడుగుతానన్నారు.