హయబూసా బర్నౌట్: టైరు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: సుజుకీ హయబూసా, 1340 సీసీ బండి. బర్నౌట్ల (ముందు బ్రేకు పట్టి, బండి కదలకుండా వెనక చక్రాన్ని గిర్రున తిప్పడం) తర్వాత వెనక టైరు మధ్యలో చదునైంది, క్లచ్ జారుతోంది. ముందు ఏది చూడాలి?

జవాబు 1: క్లచ్చే. అది ఆయిల్‌లో తడిసి ఉండే రకం. లివర్ మెల్లగా వదిలితే టైరుకు బదులు ప్లేట్లు జారి కాలతాయి. ఆయిల్ మాడు వాసనొచ్చినా, స్టీలు ప్లేట్లు నీలం తిరిగినా సెట్టంతా మార్చండి, ఆయిలూ ఫిల్టరుతో సహా. కొత్త ఫ్రిక్షన్ (రాపిడి) ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టాకే బిగించాలి.

జవాబు 2: 190/50 సైజు వెనక టైరు చదునైతే మలుపులో బండి ఒక్కసారిగా వాలిపోతుంది. లోపలి దారాలు కనిపిస్తే ఇక నడపొద్దండీ, పేలుతుంది.

జవాబు 3: చైన్ బిగువు ఒక్కచోటే కాదు, చక్రం తిప్పుతూ చూడండి. స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) వెనక కుదుపులు తట్టుకునే కుష్ రబ్బర్లు కూడా చూడండి. బండిని ఒకేచోట నిలబెట్టి చక్రం తిప్పితే రేడియేటర్‌కు ఫ్యాన్ గాలే దిక్కు, టెంపరేచర్ మీద కన్నేయండి.