ఒరా, ఒఱా?

కడప: ‘ఒక ఒరలో రెండు కత్తులు...’ సామెత చివర ‘ఇమడవు’ అనాలా, ‘ఇముడవు’ అనాలా? తోలు ఒరల అలంకారపు కుట్ల మీద రాస్తున్న వ్యాసానికి ఇదే శీర్షిక.

నంద్యాల: ఇమడవు. కదులు–కదలదు, కుదురు–కుదరదు, ఇముడు–ఇమడదు. అందులో పేచీ లేదు. తేలాల్సింది ‘ఒర’. బండి ఱ పెట్టి ‘ఒఱ’ అని రాయండి. తమిళంలో కత్తి తొడుగు ‘ఉఱై’, అక్కడ ఉన్నది ఱకారమే.

ప్రొద్దుటూరు: ఒరగల్లు (బంగారం గీసి చూసే గీటురాయి), ఒరపిడి, ఒరుసుకోవడం, అన్నీ మామూలు ర కదన్నా. కత్తి దూర్చినప్పుడల్లా తోలును ఒరుసుకుంటుంది, అందుకే ఒర అయిందని నా నమ్మకం. ఆ ఒరపిడి దారాన్ని కోసెయ్యకుండానే కదా రెండు పొరల మధ్య అంచు వెంబడి మూడో తోలు పట్టీ పెట్టేది! పట్టీ కత్తి మందానికి సరిపోకపోతే నోరు బిగుసుకుంటుంది, అంచు నేరుగా కుట్టు మీదికి వస్తుంది.

నంద్యాల: పట్టీ సంగతి ఒప్పుకుంటాను, మాట పుట్టుక ఒప్పుకోను. ఒరగల్లు తమిళంలో ‘ఉరైకల్’, మామూలు ర. తొడుగు ‘ఉఱై’. పక్క భాష విడిగా దాచిపెట్టిన రెండు మాటల్ని మనం కలపకూడదు.

అనంతపురం: వేమన్నను అడగండి సార్. ‘చెప్పు తినెడి కుక్క చెఱకు తీపెఱుగునా’. ఒక్క పాదంలో రెండు బండి ఱలు. తోలు వాసన కూడా తగిలే పాదం ఇది. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు.

కర్నూలు: ఆటవెలది ఇక్కడ సాక్ష్యానికి నిలబడదప్పా. దానికి ప్రాస నియమం లేదు. ర, ఱ తేడా పట్టిచ్చేది ప్రాస స్థానమే. ‘ఒఱ’తో పాదం ఎత్తుకుని, మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం ఱకారమైన కందమో వృత్తమో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

ఆదోని: మధ్యలో వస్తున్నాను. ‘రెండు కత్తులు ఇమడవు’ అన్నదే నాకు అడ్డం పడుతోంది. ఫిన్లాండులో జంట కత్తుల ఒరలు ఉన్నాయి, పెద్ద కత్తి మీద చిన్నది కూర్చునేట్టు. ఒర అంటే బయటి తొడుగు మొత్తమా, కత్తి దూరే గుంటా?

నంద్యాల: గుంట. జంట ఒరలో కూడా ఒక్కో కత్తికి ఒక్కో గుంట ఉంటుంది. సామెత చెడలేదు.

ఆదోని: అలా అయితే జంట ఒరను ‘రెండు ఒరలు’ అనాలి. ఎవరూ అనరే!

కడప: చర్చ చాలా బాగుంది. వ్యాసంలో రెండు రంగుల కుట్టు గురించి ఇలా రాశాను: ‘ఒక దారానికి రెండు చివర్లా సూదులు. ఒక సగం నలుపు, ఒక సగం తెలుపు. ముందు వైపంతా నలుపు, వెనక వైపంతా తెలుపు కనబడుతుంది.’ చూసి చెప్పండి.

ప్రొద్దుటూరు: ఆఖరి వాక్యం తప్పు. రెండు సూదుల కుట్టులో ప్రతి రంధ్రంలో దారాలు ఎదురెదురుగా దాటుకుంటాయి. ఒక కుట్టుకు ముందున్న దారం తర్వాతి కుట్టుకు వెనక్కి పోతుంది. కాబట్టి రెండు వైపులా నలుపు, తెలుపు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రెండు దారాలూ కలిపే ముడి మొదటి రంధ్రంలో, పొరల మధ్య దాగాలి.

3 మిల్లీమీటర్ల తోలుకు అంచు నుంచి 4 మిల్లీమీటర్లు వదిలి గాడి తీయండి. అంగుళానికి 6 కుట్లు చాలు, దగ్గర చేస్తే ఆరెతో పొడిచిన రంధ్రాల మధ్య తోలు చిరిగిపోతుంది. దారం కుట్టు పొడవుకు నాలుగు రెట్లు తీసుకుని తేనెమైనం పట్టించండి. ఏ సూది ముందో మొదట్లోనే నిర్ణయించుకుని, చివరిదాకా అదే వరస పాటించండి. వరస తప్పిన చోట కుట్టు వాలు మారి, దూరం నుంచే తెలిసిపోతుంది. మొదటి దారాన్ని ఒక పక్కకు లాగిపెట్టి రెండో సూది దూర్చాలి. సూది దారాన్ని గుచ్చుకుపోతే ఆ కుట్టు ఇక బిగియదు. చివర మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి కోసేయండి.

అనంతపురం: తంగేడు పట్టతోనో కరక్కాయతోనో పదును చేసిన తోలైతే ఇంకో జాగ్రత్త. తడిపి కత్తి ఆకారానికి ఒత్తేటప్పుడు కత్తికి పల్చటి ప్లాస్టిక్ చుట్టండి. ఇనుము తడి తగిలితే తోలు నల్లబడుతుంది, ఆ మరక ఒక పట్టాన పోదు. కుట్టులోని తెల్ల దారానికీ అంటుకుంటుంది.

కర్నూలు: దారం సరే. పద్యం ఏదీ?

నంద్యాల: కందం వెతుకుతున్నాను. దొరికేదాకా శీర్షికలో ఱ ఉంచండి.

ప్రొద్దుటూరు: దొరికేదాకా ర ఉంచండి.