గర్భంతో ఉన్నప్పుడు బీపీ: ఉప్పు పూర్తిగా మానేస్తే దిగుతుందా?

తొలికాన్పు:
నాకిప్పుడు 29వ వారం. పోయిన చెకప్‌లో 142/92. నాలుగు గంటలు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 144/90. లాబెటలాల్ అనే బీపీ మాత్ర రాశారు. యూరిన్‌లో ప్రొటీన్ లేదన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో నాకు ఉప్పు బంద్. చప్పిడి కూర ముద్ద గొంతు దిగడం లేదు, వారంలో కిలో తగ్గాను. ఉప్పు మానేసి ఎవరికైనా బీపీ దిగిందా?

రెండోసారి:
మొదటి కాన్పప్పుడు నేనూ ఇదే నిర్వాకం చేశా. మూడు వారాలు చప్పిడి తిండి. బీపీ ఎక్కడిదక్కడే ఉంది, నేనే నీరసపడిపోయా. డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. మాయలో రక్తనాళాలు సరిగ్గా ఏర్పడకపోతే వచ్చే గుర్రపువాతాన్ని, అదే ప్రీఎక్లాంప్సియాని (బీపీ పెరగడంతో పాటు చాలామందికి యూరిన్‌లో ప్రొటీన్ కూడా పోయే జబ్బు), ఉప్పు మానేసి ఆపలేమంది. అందరిలాగే మితంగా తినమంది, అంతే. ఈసారి ముందుజాగ్రత్తగా 12వ వారం నుంచే తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తున్నారు. మీ అంతట మీరు మాత్రం వేసుకోకండి.

పాతబీపీ:
నా సంగతి కొంచెం వేరు. నాకు గర్భానికి ముందు నుంచే బీపీ. నెల తప్పిందని తెలియగానే టెల్మిసార్టన్ ఆపించి వేరే మాత్ర ఇచ్చారు, అది బిడ్డకి మంచిది కాదట. నాలాంటి వాళ్ళకి ఉప్పు తగ్గించమనే చెప్తారు. తగ్గించడమంటే రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, సుమారు ఒక టీస్పూను. ఇంట్లో వండిన కూరలో వేసేది తెలుస్తూనే ఉంటుంది. తెలియకుండా పోయేదే ఎక్కువ: చిప్స్, ప్యాకెట్ సూప్, సాస్, బ్రెడ్డు.

ఇంకోటి, 'లో సోడియం' ఉప్పు కొనేముందు అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ప్రమాదం. అతిమధురం కూడా వద్దు, బీపీ పెంచుతుంది.

వార్డుడ్యూటీ:
నర్సుని. తిండి విషయంలో నేను గట్టిగా చెప్పేది కాల్షియం గురించే. రోజూ తిండిలో కాల్షియం తక్కువగా ఉండే చోట గర్భిణులకి 1.5 నుంచి 2 గ్రాములు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ప్రీఎక్లాంప్సియా ముప్పు తగ్గుతుందని. గ్లాసు పాలల్లో వచ్చేది 300 మిల్లీగ్రాములే కాబట్టి బిళ్ళ అవసరమవుతుంది. ఐరన్ బిళ్ళతో కలిపి మింగకండి, రెండింటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. విటమిన్ సి, ఇ బిళ్ళలతో ఇది ఆగదు, డబ్బు దండగ.

తొలికాన్పు గారూ, కిలో తగ్గడం నాకు నచ్చలేదు. గర్భంలో డైటింగ్ చేయకూడదు. పప్పు, గుడ్డు, కూరగాయలు, పండ్లు కడుపునిండా తినండి, మాత్ర మానకండి. బీపీ పై అంకె 160కి గానీ కింది అంకె 110కి గానీ చేరినా, తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి మొహం ఉబ్బినా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి వెళ్ళండి. అప్పుడు ఏం తిన్నామా అని లెక్కలు వేసుకుంటూ కూర్చోకండి.

రెండోసారి:
గుండెల్లో మంటకి ఏమైనా వాడుతున్నారా? అడగడం మరిచిపోయా.

తొలికాన్పు:
నీళ్ళల్లో వేస్తే బుస్సుమని పొంగే పొడి. రోజుకి రెండు ప్యాకెట్లు. ఎందుకు?

రెండోసారి:
అందులో ఉండేది సోడా ఉప్పే తల్లీ! ప్యాకెట్ వెనక చూడు.

తొలికాన్పు:
చూశా. సోడియం బైకార్బొనేట్ అని మొదటి లైన్లోనే ఉంది. కూరలో చిటికెడు ఉప్పుకి ఇంత గొడవ పడి ఇది తాగుతున్నా! డాక్టర్‌కి ఫోన్ చేస్తే వేరే మందు చెప్పారు. ఇవాళ ఉప్పేసిన గుడ్డు తిన్నా, ప్రాణం లేచొచ్చింది. పొద్దున 138/86. కానీ రెండు నిమిషాలాగి చూస్తే 146 చూపించింది మిషను, ఏది రాసుకోవాలి?

వార్డుడ్యూటీ:
రెండూ రాయండి. చూసుకునే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టండి, మాట్లాడకండి. రెండోసారి చూసుకునేటప్పుడు ఫోన్లో ఉన్నారా?

తొలికాన్పు:
అమ్మతో మాట్లాడుతున్నా 🙈