రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై క్యాలిబ్రేషన్ డేటా (ఆ రేడియోకి ఫ్యాక్టరీలో సరిచేసి పెట్టిన సెట్టింగులు) ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి?

ఎంటీ7621 చిప్, 16 ఎంబీ ఫ్లాష్ ఉన్న ఒక రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం లైనక్స్ ఆధారిత ఉచిత ఫర్మ్‌వేర్) తయారుచేస్తున్నాను. కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది కానీ హార్డ్‌వేర్ ఇంకా బాగుంది, దాన్ని చెత్తబుట్టలో వేయడానికి మనసు రావట్లేదు.

సీరియల్ కన్సోల్ (బోర్డుకి వైర్లు కలిపి కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే మార్గం) 3.3 వోల్టుల దగ్గర, 115200 బాడ్ రేటుతో చక్కగా పనిచేస్తోంది. ఫ్లాష్‌లో ఏమీ రాయకుండా యూ-బూట్ (రౌటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) నుంచి టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైల్ పంపే పద్ధతి) ద్వారా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌ని (పూర్తిగా ర్యామ్ నుంచే నడిచే సిస్టమ్) ర్యామ్‌లోకి ఎక్కించి చూస్తున్నాను. పోర్టులు, ఎల్ఈడీలు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై అన్నీ సరే.

చిక్కంతా 5 గిగాహెర్ట్జ్ దగ్గరే. సిగ్నల్ పక్క గదికి కూడా అందట్లేదు. బూట్ చేసిన ప్రతిసారీ దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరం గుర్తింపు సంఖ్య) మారిపోతోంది. ఫ్యాక్టరీ పార్టిషన్‌ని (ఫ్లాష్‌లో ఇలాంటి డేటా ఉండే భాగం) హెక్స్‌డంప్ చేస్తే, అంటే బైట్లుగా చూస్తే, మొదట్లోనే 03 76 బైట్లు కనిపించాయి, అది 2.4 రేడియోది. 5 గిగాహెర్ట్జ్ డేటా ఉంటుందనుకున్న 0x8000 స్థానం దగ్గర మాత్రం వరసగా ఎఫ్ఎఫ్‌లే, అంటే ఖాళీ. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఇదే రేడియో ఇల్లంతా అందుతుంది, అంటే డేటా ఎక్కడో ఉండి తీరాలి.

రేడియో చిప్‌లోని ఈఫ్యూజ్‌లో (చిప్‌లోనే శాశ్వతంగా రాసిపెట్టే చిన్న మెమరీ) ఉండొచ్చా? ఉంటే ఎంటీ76 డ్రైవర్ (ఈ వైఫై చిప్‌లని నడిపే ప్రోగ్రామ్) అక్కడి నుంచే చదివేలా డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాలు లైనక్స్‌కి చెప్పే ఫైల్) ఏం మార్చాలి? లేక వేరే పార్టిషన్‌లో వెతకాలా? పూర్తి ఫ్లాష్ బ్యాకప్ నా దగ్గర ఉంది. ఇది తేలేదాకా సిస్అప్‌గ్రేడ్ (కొత్త ఫర్మ్‌వేర్‌ని ఫ్లాష్‌లో రాసే ఆదేశం) జోలికి వెళ్లదలచుకోలేదు. ఈ చిప్‌లతో పనిచేసినవాళ్లు దయచేసి దారి చూపించండి, ఏ లాగ్ కావాలన్నా పెడతాను.