జేమీటర్‌లో టైమౌట్ ఎంత పెట్టాలి? 10 సెకన్లు పెడితే ఎర్రర్లు, తీసేస్తే టెస్టు అవ్వట్లేదు

పర్లాకిమిడి పిల్లోడు:
అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నాది పర్లాకిమిడి, వైజాగ్‌లో ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నా. ఒక కాలేజీ వాళ్ళకి అడ్మిషన్ల సైట్ కట్టాం, జావాలో స్ప్రింగ్ బూట్, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, మామూలు సెటప్పే. ఫారం సబ్మిట్ కొట్టగానే పిల్లల ఫోన్‌కి ఎస్ఎంఎస్ వెళ్తాది. వచ్చే నెల అడ్మిషన్లు ఓపెన్, లోడ్ టెస్ట్, అంటే ఒకేసారి ఎంతమందిని సైట్ తట్టుకుంటాదో జేమీటర్ టూల్‌తో చూడటం, నా నెత్తిన పడింది, ఇదివరకు ఎప్పుడూ చెయ్యలేదు.

300 యూజర్లు పెట్టి రెస్పాన్స్ టైమౌట్ 10000 మిల్లీసెకన్లు పెట్టాను, ఎక్కడో చూసి పెట్టిందే, దాని వెనక లెక్కేం లేదు. సబ్మిట్ దగ్గర సగానికి సగం "రీడ్ టైమ్‌డ్ ఔట్" అని ఎర్రర్లు. మా లీడ్ ఏమో ఆ టైమౌట్ తీసేయ్, ఎర్రర్లు పోతాయి అన్నాడు. తీసేస్తే ఆ ఎర్రర్ నిజంగానే పోయింది గాని దాని బదులు 500లు (సర్వర్ లోపల తప్పు), 504లు (వెనక నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కి జవాబు రాలేదు) వస్తున్నాయి, పది నిమిషాల్లో అయిపోవాల్సిన టెస్టు అరగంటైనా సాగుతూనే ఉంది, యావరేజ్ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఏ రిపోర్టు నిజమో తెలీట్లేదు. ఇంతకీ ఈ నంబర్ ఎంత పెట్టాలి?

జయపురం జాలీ:
అన్నీ 5 నిమిషాలు పెట్టీ బాబూ. ఎన్‌జిన్‌ఎక్స్‌లో కూడా 5 నిమిషాలు పెట్టీ. నేను పోయినసారి అలగే పెట్టి క్లయింట్‌కి మొత్తం పచ్చ రంగు రిపోర్టు చూపించీసాను, ఎవడూ ఏమీ అనలేదు.

బరంపురం మాస్టారు:
జాలీ, నువ్వు చెప్పినట్టు చేస్తే రిపోర్టు పచ్చగా ఉంటాది, అడ్మిషన్ల రోజు మాత్రం పిల్లోడి మొహం ఎర్రగా ఉంటాది.

పిల్లోడా, నువ్వు టైమౌట్‌ని ఎర్రర్లు పోగొట్టే మీట లాగ చూస్తున్నావు, అది కాదు. మీ ఊరి స్టేషన్లో గుణుపురం పాసింజర్ కోసం నిల్చున్నావు అనుకో. అరగంట చూసి రాకపోతే బస్టాండుకి పోతావు. ఆ అరగంట నీ టైమౌట్. నువ్వు వెళ్ళిపోయావని బండి ఆగిపోదు, అది ఎక్కడ ఎందుకు ఆగిందో నీ అరగంటకి తెలీదు కూడా. నువ్వు రెండు గంటలు నిల్చుంటానంటే బండి త్వరగా రాదు కదా.

జేమీటర్‌లో రెండు ఉంటాయి. కనెక్ట్ టైమౌట్ అంటే అవతలోడు ఫోన్ ఎత్తడానికి ఎంతసేపు చూస్తాం అన్నది, రెస్పాన్స్ టైమౌట్ అంటే ఎత్తాక మాట్లాడటానికి. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే రెస్పాన్స్ టైమౌట్ మొత్తం టైముకి లెక్క కాదు, ఒక డేటా ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఖాళీకి లెక్క. సర్వర్ 9 సెకన్లకో ముక్క చొప్పున విదిలిస్తూ పోతే నీ 10 సెకన్ల టైమౌట్ ఎప్పటికీ కొట్టదు. ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ రీడ్ టైమౌట్ కూడా అచ్చం అంతే, దాని డిఫాల్ట్ 60 సెకన్లు. మొత్తం టైము మీద పాస్, ఫెయిల్ చెప్పాలంటే డ్యూరేషన్ అసర్షన్ పెట్టుకో, అది రిక్వెస్ట్‌ని మధ్యలో తెంపదు, పూర్తయ్యాక లేటైతే ఫెయిల్ అని మార్కు వేస్తాది. రెండింటికీ రెండు పనులు.

ఖాళీగా వదిలేయడం మాత్రం తప్పు. అది 5 నిమిషాలు కాదు, అవతల నుంచి జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. టైమౌట్ 90 సెకన్లకి పెంచి ఒక్కసారి నడిపి, రిజల్ట్ ఫైల్‌లో ఎలాప్స్‌డ్ (మొత్తం పట్టిన టైము) కాలమ్ సార్ట్ చేసి చూడు. రెస్పాన్స్ టైములు మామూలుగా చిందరవందరగా ఉంటాయి, 3.2, 7.9, 11.4 ఇలగ. ఎక్కడైనా రౌండ్ నంబర్ దగ్గర గుంపు కనబడితే అది ఎవడో ఒకడి సెట్టింగ్ అన్నమాట. వాడెవడో కనిపెట్టు, ఆ తర్వాత మాట్లాడదాం. కనెక్ట్ టైమ్ కాలమ్ కూడా విడిగా చూడు.

పర్లాకిమిడి పిల్లోడు:
మాస్టారూ, మీరన్నట్టే రెండు గుంపులు! 30 సెకన్ల దగ్గర 500లు, 60 దగ్గర 504లు. అప్లికేషన్ లాగ్‌లో "కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్‌డ్ ఔట్ ఆఫ్టర్ 30000 ఎంఎస్" అని వరసగా ఉన్నాయి, సిగ్గుగా ఉంది గాని ఇప్పటిదాకా ఆ లాగ్ తెరవనే లేదు. ఇంకో వింత, కనెక్ట్ టైమ్ కాలమ్‌లో చాలావాటికి 40 మిల్లీసెకన్లే గాని కొన్నింటికి 1 సెకను పైన, కొన్నింటికి 3 పైన, కొన్ని 7 పైన. వీటి మధ్యలో ఏమీ లేవు. ఇది ఏటి?

రాయగడ నెట్‌వర్క్:
ఆ 1, 3, 7 చూడగానే ఆగాను. అది నీ అప్లికేషన్ కాదు, టీసీపీ, అంటే రెండు మెషీన్ల మధ్య కనెక్షన్ కలిపే పద్ధతి. కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ పోతే 6.5కి ముందు లినక్స్ కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) అయితే 1 సెకను ఆగి మళ్ళీ పంపుతాది, అదీ పోతే ఇంకో 2, తర్వాత ఇంకో 4. కలిపితే 1, 3, 7, తర్వాత 15, 31, 63. డిఫాల్ట్‌గా 6 సార్లు ఇలగ తట్టి చివరికి 127 సెకన్ల దగ్గర వదిలేస్తాది. అందుకే కనెక్ట్ టైమౌట్ ఖాళీగా వదలకూడదు. నేనైతే 5 సెకన్లు పెడతా, రెండు తట్లు కనబడతాయి, మూడోదానికి ఎర్రర్.

ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయి అన్నదే ప్రశ్న. సర్వర్ దగ్గర లిజన్ క్యూ (కొత్త కనెక్షన్లు లోపలికి తీసుకునేదాకా ఆగే వరస) నిండినా పోతాయి. పాత కెర్నెల్‌లో ఆ హద్దు 128, 5.4 నుంచి 4096 చేశారు, ఎన్‌జిన్‌ఎక్స్ మాత్రం తనంతట తాను 511 అడుగుతాది. సర్వర్లో నెట్‌స్టాట్ కొట్టి లిజన్ క్యూ ఓవర్‌ఫ్లో లెక్క పెరుగుతుందా చూడు. పెరగకపోతే నాకు ఒకటే అనుమానం, నువ్వు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి కొడుతున్నావు కదూ? 300 కనెక్షన్లు ఆ చిన్న రౌటర్ గుండా, పైగా ఇంట్లోవాళ్ళు అదే వైఫైలో సీరియల్ చూస్తుంటారు. నువ్వు కొలుస్తున్నది కాలేజీ సైట్‌ని కాదు, మీ ఇంటి రౌటర్‌ని. ముంబై రీజియన్‌లో ఒక క్లౌడ్ మెషీన్ గంటకి అద్దెకి తీసుకుని అక్కడి నుంచి కొట్టు, జీయూఐ వద్దు, కమాండ్ లైన్లో నడుపు.

అక్కడా ఒక తిరకాసు ఉంది, నీ 300కి రాదు గాని రేపు వేలల్లోకి వెళ్తే గుర్తు పెట్టుకో. లినక్స్ బయటికి వాడే పోర్టులు 32768 నుంచి 60999 వరకు, అంటే 28 వేల చిల్లర. మూసిన పోర్టు 60 సెకన్లు టైమ్ వెయిట్‌లో, అంటే మళ్ళీ వాడకుండా పక్కన, ఉంటాది. కీప్ అలైవ్ (తెరిచిన కనెక్షన్నే మళ్ళీ వాడటం) లేకుండా ఒకే సర్వర్‌కి కొడితే సెకనుకి 470 కొత్త కనెక్షన్ల దగ్గర ఆగిపోతావు, ఎర్రర్ మాత్రం సర్వర్ తప్పు లాగే కనబడతాది.

బరంపురం మాస్టారు:
30 గురించి నేను చెప్తా. అది హికారీ. స్ప్రింగ్ బూట్‌లో డేటాబేస్ కనెక్షన్ పూల్ అదే, డిఫాల్ట్ 10 కనెక్షన్లు, ఖాళీ లేకపోతే 30 సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తాది. 300 మందికి 10 కుర్చీలు అన్నమాట. వెంటనే వెళ్ళి పూల్ 100 చేసేయకు, పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ హద్దే 100. ముందు ఒక్కొక్కడు కుర్చీలో ఎంతసేపు కూర్చుంటున్నాడో చూడు. ఒక మామూలు ఇన్సర్ట్‌కి మిల్లీసెకన్లు చాలు. నాకు ఆ ఎస్ఎంఎస్ మీద అనుమానం, ట్రాన్సాక్షన్ (సేవ్ మొదలు కమిట్, అంటే ఖాయం చేసేదాకా కుర్చీ పట్టుకునే ఉండే పని) లోపల పంపుతున్నారా?

పర్లాకిమిడి పిల్లోడు:
అవును మాస్టారూ, లోపలే! ఫారం సేవ్ చేసి, ఎస్ఎంఎస్ పంపి, ఆ తర్వాత కమిట్. ఎస్ఎంఎస్ వాళ్ళ జవాబుకి లోడ్‌లో 2 సెకన్లు పడుతుంది, ఒక్కోసారి అసలు రావట్లేదు, మన కోడ్‌లో ఆ కాల్‌కి టైమౌట్టే పెట్టలేదు. ఇంకో సంగతి, టెస్ట్ డేటాలో అన్నిటికీ మా బావ ఫోన్ నంబరు పెట్టాను. నిన్న రాత్రి నుంచి ఆయనకి వందల మెసేజులు, "మీ దరఖాస్తు అందినది" అని. పాతపట్నం నుంచి ఫోన్ చేసి తిట్టాడు.

బరంపురం మాస్టారు:
లెక్క సరిపోయింది చూడు. 10 కనెక్షన్లు, ఒక్కొక్కటి 2 సెకన్లు బిగిసి ఉంటే సెకనుకి 5 ఫారాలే బయటికొస్తాయి. 300 మంది ఒకేసారి నిలబడితే చివరివాడి వంతు నిమిషానికి. 30 దాటినోడికి హికారీ 500, ఎస్ఎంఎస్ దగ్గర ఇరుక్కున్నోడికి ఎన్‌జిన్‌ఎక్స్ 504. నీ 10 సెకన్ల టైమౌట్ ఈ రెండింటికీ ముందే తెంపేసి ఇద్దరు దొంగల్నీ దాచింది.

ఎస్ఎంఎస్‌ని ట్రాన్సాక్షన్ బయటికి తీసి క్యూలో పడేయండి, దానికి కనెక్ట్ 2 సెకన్లు, రీడ్ 3 సెకన్లు పెట్టండి. టెస్ట్‌లో నిజం ఎస్ఎంఎస్ గేట్‌వేని కొట్టకు, అది వాళ్ళ సొత్తు, 2 సెకన్లు ఆగి సరే అనే డమ్మీ సర్వర్ పెట్టుకో. మీ బావ కూడా సంతోషిస్తాడు. తర్వాత వరస, లోపలున్నోడు ముందు వదలాలి, బయటున్నోడు ఆఖర్న వదలాలి. హికారీ 3 సెకన్లు, ఎన్‌జిన్‌ఎక్స్ 15, జేమీటర్ 20. అప్పుడు తప్పు ఎవడిదో వాడి పేరుతోనే ఎర్రర్ వస్తాది.

రాయగడ నెట్‌వర్క్:
మాస్టారితో ఒక్క దగ్గర కలవను. జేమీటర్ 20 అంటే ఆ యూజర్ 20 సెకన్లు కొత్త రిక్వెస్ట్ పంపకుండా కూర్చుంటాడు, 300 మందీ అలగే కూర్చుంటే సర్వర్ నెమ్మదించిన కొద్దీ లోడ్ కూడా తగ్గిపోతాది, అడ్మిషన్ల రోజు జనం అలగ తగ్గరు కదేటి, ఇంకా రీఫ్రెష్ కొడతారు. గిల్ టెనే దీనికి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అని పేరు పెట్టాడు. జేమీటర్ 5.5 నుంచి ఓపెన్ మోడల్ థ్రెడ్ గ్రూప్ ఉంది, సెకనుకి ఇంతమంది వస్తారు అని పెట్టు, లోపల ఎంతమంది ఇరుక్కున్నా కొత్తోళ్ళు వస్తూనే ఉంటారు. ఇంకా, టైమౌటైన రిక్వెస్టుల్ని పక్కన పెట్టి మిగతావాటికి యావరేజ్ తీయకు, చచ్చినోళ్ళని వదిలేసి బతికినోళ్ళ ఆరోగ్యం చెప్పినట్టుంటాది.

బరంపురం మాస్టారు:
ఓపెన్ మోడల్ సంగతి ఒప్పుకుంటా. 20 మాత్రం 20యే.

పర్లాకిమిడి పిల్లోడు:
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. క్లౌడ్ నుంచి కొడితే 1, 3, 7 మాయం, రాయగడ అన్న చెప్పినట్టు మా రౌటరే. ఎస్ఎంఎస్ బయటికి తీసాక పూల్ అదే 10తో, సెకనుకి 40 ఫారాలు పంపినా సబ్మిట్ సెకను లోపే అవుతుంది. 30, 60 గుంపులు రెండూ పోయాయి.

కానీ పాత టెస్టు డేటా తుడుస్తుంటే ఇంకోటి బయటపడింది. జేమీటర్ 10 సెకన్లకి తెంపేసిన వాటిలో చాలా ఫారాలు డేటాబేస్‌లో సేవ్ అయి ఉన్నాయి. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో వాటికి 499 ఉంది. నేను ఎర్రర్ వస్తే ఇంకోసారి పంపేలా రాసాను, దాంతో ఒకే విద్యార్థి పేరు మీద రెండు మూడు ఫారాలు.

బరంపురం మాస్టారు:
బండి వస్తూనే ఉంటాది అన్నానా. 499 అంటే క్లయింట్ ఆగకుండా వెళ్ళిపోయాడు అని, వెనక టామ్‌క్యాట్ (స్ప్రింగ్ బూట్ లోపలి వెబ్ సర్వర్) థ్రెడ్‌కి ఆ కబురు అందదు, తన పని తాను చేసుకుపోతాది. నిజం పిల్లలు కూడా లేటైతే రెండోసారి సబ్మిట్ కొడతారు. ఫారం తెరిచినప్పుడే ఒక నంబరు ఇచ్చి దాని మీద యునీక్ కీ (అదే నంబరు రెండోసారి సేవ్ కానివ్వని కట్టు) పెట్టండి, రెండోది వస్తే మొదటి రసీదే చూపించండి. ఫీజు కూడా ఇదే పేజీలో కడతారా?

పర్లాకిమిడి పిల్లోడు:
కడతారు మాస్టారూ. లీడ్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.